కాఫీ అడిగిన నలుగురు, కాగితాలు దాచిన రాష్ట్రం

నార్త్ కరొలైనాలోని గ్రీన్స్‌బరోలో పౌరహక్కుల మ్యూజియం చూసి కేరీకి తిరిగి వస్తున్నాం. దారి గంటంబావు. కారు నేను నడుపుతున్నాను గనక నాకు మాట్లాడే అవకాశం తక్కువ. వెనక సీట్లో మా ఆవిడా, వాళ్ల బాబాయీ ఉన్నారు. ఆవిడ డర్హమ్‌లో ఒక లైబ్రరీలో ఉద్యమకారుల జ్ఞాపకాలు రికార్డు చేసి భద్రపరిచే ఉద్యోగం చేస్తుంది. ఆయన 1969లో ఉస్మానియాలో ఇంజనీరింగు చదువుతూ, తెలంగాణ ఉద్యమంలో ఒక విద్యాసంవత్సరం పోగొట్టుకుని, 1971లో అమెరికా వచ్చి, న్యూజెర్సీలో రిటైరయ్యారు. స్మారకాలంటే ఆయనకు గిట్టదు. వాళ్ల మాటలు గుర్తున్నంతవరకు రాస్తున్నాను. ఇద్దరూ ఒకేసారి మాట్లాడిన చోట ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాట మిగిలింది.

బాబాయి: ఒకప్పుడు నల్లవాళ్లని కూర్చోనివ్వని స్టూళ్లు. ఇప్పుడు టికెట్టు కొనుక్కుని వెళ్లి, తాకకుండా, దూరం నుంచి చూసి దణ్ణం పెట్టి వచ్చాం. దీన్ని ఉద్యమాన్ని కాపాడటం అంటారా అమ్మా? నాకైతే సమాధి కట్టినట్టే ఉంది.

మా ఆవిడ: ఆ మ్యూజియం లేకపోతే అక్కడ కార్లు నిలబెట్టుకునే స్థలం ఉండేది బాబాయ్. 1993లో వూల్‌వర్త్ వాళ్లు ఆ షాపు మూసేశారు. పడగొట్టి పార్కింగుకి వాడుకుందామనుకున్నారు. స్కిప్ ఆల్‌స్టన్, ఎర్ల్ జోన్స్ అనే ఇద్దరు ఊరి నాయకులు పూనుకుని ఆ కట్టడాన్ని కొనిపించారు. డబ్బు పోగయ్యి, తలుపులు తెరిచేసరికి 2010 ఫిబ్రవరి 1 వచ్చింది. అంటే సరిగ్గా యాభై ఏళ్లు.

బాబాయి: యాభై ఏళ్లు ఆగి తెరిచారంటేనే తెలుస్తోందిగా, ఇక దాంతో ఎవరికీ ప్రమాదం లేదని. ప్రమాదం ఉన్నంతకాలం ఎవరూ మ్యూజియం కట్టరు.

(తెలియనివారికోసం ఇక్కడ కొంచెం చెప్పాలి. 1960 ఫిబ్రవరి 1, సోమవారం సాయంత్రం, ఏ అండ్ టీ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్న నలుగురు నల్లజాతి కుర్రాళ్లు ఎజెల్ బ్లెయిర్, ఫ్రాంక్లిన్ మకెయిన్, జోసెఫ్ మెక్‌నీల్, డేవిడ్ రిచ్‌మండ్ వూల్‌వర్త్ షాపులో టూత్‌పేస్టులాంటి చిన్న సామాన్లు కొన్నారు. రశీదులు జేబులో పెట్టుకున్నారు. తర్వాత అదే షాపులో తెల్లవాళ్లకి మాత్రమే వడ్డించే లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. షాపు మూసేదాకా కదల్లేదు. అక్కడ మా డబ్బు తీసుకున్నవాళ్లు ఇక్కడెందుకు తీసుకోరని అడగడానికే ఆ రశీదులు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఆ రశీదులే. పద్దెనిమిదేళ్ల వయసులో సాక్ష్యం చేతిలో పెట్టుకుని వెళ్లాలని తోచడం చిన్న విషయం కాదు. వారం తిరక్కుండా వందలమంది వచ్చి కూర్చున్నారు. మార్చి నెలాఖరుకి 13 రాష్ట్రాల్లో 55 ఊళ్లకి పాకింది.)

బాబాయి: ఆ నలుగురి ధైర్యాన్ని నేను కాదనను. కానీ మనకి ఇవాళ చెప్పిన కథ ఎలా ఉంది? ఒక సోమవారం నలుగురు కుర్రాళ్లకి తోచింది, వెళ్లి కూర్చున్నారు, దేశం మారిపోయింది. అంతకుముందు 1957లో ఈ డర్హమ్‌లోనే రాయల్ ఐస్‌క్రీమ్ పార్లర్‌లో కూర్చుని అరెస్టయినవాళ్లు? 58లో విచిటాలో మందుల షాపులో కూర్చున్నవాళ్లు? అదే ఏడాది ఓక్లహోమా సిటీలో పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లిన క్లారా లూపర్ టీచరు? ఆ ఊళ్లలో వాళ్లని తలుచుకుంటారేమో. దేశం పాఠంలో మాత్రం మొదలు గ్రీన్స్‌బరోయే. విగ్రహానికి నాలుగు మొహాలే పడతాయి మరి.

మా ఆవిడ: సరే, మొహాల సంగతే మాట్లాడదాం. ఆ నలుగురి ఫొటో అని అందరూ చూపించే బొమ్మ ఉందే, కౌంటర్ దగ్గర నలుగురు వెనక్కి తిరిగి చూస్తున్నది...

బాబాయి: చూశాను.

మా ఆవిడ: అది రెండో రోజు తీసింది. అందులో మకెయిన్, మెక్‌నీల్ ఇద్దరే మొదటిరోజు వాళ్లు. మిగతా ఇద్దరు బిల్లీ స్మిత్, క్లారెన్స్ హెండర్సన్. మొదటిరోజు కౌంటర్ దగ్గర ఎవరూ ఫొటో తియ్యలేదు, షాపులోంచి బయటికొచ్చి నడుస్తున్నప్పుడు తీసిందొక్కటే ఉంది. ఆ తేడా మనకెలా తెలిసింది? ఎవరో ఒకరు తేదీలు, పేర్లు, నెగెటివ్‌లు దాచారు గనక. నువ్వు తిడుతున్నది పాఠాన్ని, విగ్రహాన్ని. నేను చేస్తున్నది ఈ దాచే పని. రెండింటినీ కలిపి తిట్టకు.

బాబాయి: కలిపేది నేను కాదు. బడ్జెట్టులో ఆ రెండూ ఒకే పద్దు కింద వస్తాయి. పాలరాయికి ఎంత పోతుంది, నీ నెగెటివ్‌లకి ఎంత మిగులుతుంది, నువ్వే చెప్పు.

మా ఆవిడ: (నవ్వి) అది అడక్కు. ఇంకో సంగతి చెప్తా విను. ఆ ఏడాది జులై 25న ఆ కౌంటర్ నల్లవాళ్లకీ తెరిచినప్పుడు మొదట కూర్చుని తిన్నది ఎవరనుకున్నావ్? ఉద్యమంలో ఉన్న విద్యార్థులు కాదు. ఆ కౌంటర్‌లోనే పనిచేసే నల్లజాతి ఉద్యోగులు. ఆర్భాటం లేకుండా మేనేజరు వాళ్లనే కూర్చోబెట్టాడు. అందులో జెనీవా టిస్‌డేల్ అనే ఆవిడ కోడిగుడ్డు శాండ్‌విచ్ తీసుకుందట. ఎందుకంటే అది తను చేసిందే, అందులో ఏం పడిందో తనకి తెలుసు.

బాబాయి: బావుంది.

మా ఆవిడ: ఆ ఒక్క శాండ్‌విచ్ సంగతి చాలు కదా బాబాయ్, ఆ ఆరు నెలలూ కౌంటర్‌కి ఇవతల నిలబడ్డ మనిషి ఎలా ఆలోచించిందో తెలియడానికి. వచ్చినవాళ్లు తనవాళ్లు, జీతమిచ్చేవాళ్లు వాళ్లని వద్దంటున్నవాళ్లు. ఆవిడ ముందు టేప్‌రికార్డరు పెట్టి అడిగినవాళ్లు లేకపోతే ఆ మాట ఆవిడతోనే పోయేది. బెనెట్ కాలేజీ ఆడపిల్లల సంగతీ అంతే. నలుగురి వెనక వాళ్లున్నారని, ముందు ఏడాదే వాళ్లు దీని గురించి మాట్లాడుకున్నారని వాళ్లు చెప్పుకుంటూ వచ్చారు. అడిగినవాళ్లు తర్వాత వచ్చారు.

(ఇక్కడ బాబాయి కాసేపు కిటికీలోంచి చూశారు. ఓడినట్టు అనుకోకండి, కొత్త ఆయుధం వెతుక్కుంటున్నారు.)

బాబాయి: పోనీ, దాచేవాళ్లెవరు? ఇదివరకు తరిమినవాళ్లే కదా దాచేది. జేమ్స్ లాసన్ సంగతి నువ్వే చెప్పావు. నాగపూర్‌లో హిస్లాప్ కాలేజీలో మూడేళ్లు ఉండి, గాంధీ పద్ధతి నేర్చుకుని వచ్చి, నాష్‌విల్‌లో డయాన్ నాష్, జాన్ లూయిస్ లాంటి పిల్లలకి కొట్టించుకుంటూ కూడా చెయ్యెత్తకుండా కూర్చోవడం నేర్పాడు. 1960లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ అతన్ని వెళ్లగొట్టింది. 2006లో పిలిచి ప్రొఫెసర్ని చేసింది. ఇప్పుడతని పేరుతో ఒక సంస్థే పెట్టింది. వెళ్లగొట్టిన పేరూ దానికే, సన్మానం చేసిన పేరూ దానికే. ఎటు తిరిగినా లాభమే.

(నాగపూర్ అనగానే నాకు తోచినది: 1938లో వందేమాతరం పాడారని ఉస్మానియా నుంచి బహిష్కృతులైన విద్యార్థుల్లో చాలామంది చదువు పూర్తిచేసుకోవడానికి వెళ్లింది నాగపూరుకే. వాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. పదిహేనేళ్ల తర్వాత అదే ఊళ్లో లాసన్ దిగాడు. రెండింటికీ సంబంధం లేదు. అయినా నాకు ఆ ఊరంటే గౌరవం పెరిగింది.)

మా ఆవిడ: లాసన్ తన కాగితాలన్నీ ఆ వాండర్‌బిల్ట్‌కే ఇచ్చాడు. తెలుసా?

బాబాయి: అది ఆయన పెద్దమనసు. వాళ్ల గొప్పేముంది అందులో?

మా ఆవిడ: పెద్దమనసు అని ఎందుకనుకుంటావు? నేనైతే తెలివి అంటాను. నన్ను వెళ్లగొట్టినట్టు రుజువు చేసే కాగితాలు మీ ఇంట్లోనే పెడుతున్నాను, ఇక మీరు కాదనలేరు అని.

బాబాయి: నీకు ప్రతిదానికీ ఒక భాష్యం ఉంటుంది. నా లెక్క సూటిగా ఉంటుంది. పోయిన తరం విద్యార్థికి పూలదండ, ఇవాళ్టి విద్యార్థికి సంకెళ్లు. 1968లో కొలంబియా యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థులు హామిల్టన్ హాల్‌లో బైఠాయించారు. హార్లెమ్ జనం పార్కులో యూనివర్సిటీ వ్యాయామశాల కడతానంటే వద్దని. ఏప్రిల్ 30న పోలీసులు వచ్చారు. దాని మీద ఇప్పుడా యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లే ఇంటర్నెట్‌లో ప్రదర్శన పెట్టారు, చక్కగా ఉంది. 2024లో పిల్లలు గాజా గురించి అదే హాల్లోకి వెళ్లారు. అదే ఏప్రిల్ 30న పోలీసులు వచ్చారు. వందమందికి పైగా అరెస్టు. ఏ యాభై ఏళ్లకో దీనికీ ఒక ప్రదర్శన పెడతారు. అప్పటికి నువ్వుంటే నిన్నే పిలుస్తారు రిబ్బను కత్తిరించడానికి.

మా ఆవిడ: రెండూ ఒకటే ఉద్యమం అనను నేను. పిల్లలేం అడిగారు, ఎలా అడిగారు అన్నదాని మీద వాదనలున్నాయి.

బాబాయి: 60లో మాత్రం లేవా? అప్పుడూ పెద్దమనుషులందరూ అన్నది అదే: అడిగేది సరే, పద్ధతి బాలేదు.

(నిజమే. లంచ్ కౌంటర్ల దగ్గర కూర్చోవడం నల్లజాతి పెద్దల్లోనూ చాలామందికి నచ్చలేదు. ఎల్లా బేకర్ కథ వినడానికి అందుకే బావుంటుంది. 1960 ఏప్రిల్‌లో ఈస్టర్ సెలవుల్లో, కింగ్ గారి సంస్థ ఇచ్చిన 800 డాలర్లతో, రాలీలో తాను చదువుకున్న షా యూనివర్సిటీకి ఆవిడ విద్యార్థులందరినీ పిలిచింది. పెద్దల సంస్థలో యువజన విభాగంగా కలిపేసుకుందామని పెద్దలు చూస్తే, వద్దు, వీళ్లది వీళ్లే నడుపుకోనివ్వండని అడ్డం నిలబడింది. అలా పుట్టిందే విద్యార్థుల అహింసా సమన్వయ సంఘం. అందరూ దాన్ని స్నిక్ అంటారు.)

బాబాయి: ఆ బేకరమ్మే బతికుంటే విగ్రహాలు చూసి ఏమనేది? గట్టి జనానికి గట్టి నాయకుడు అక్కర్లేదన్నదే కదా ఆవిడ నమ్మకం. మిసిసిపీ యూనివర్సిటీలో చేరిన మొదటి నల్ల విద్యార్థి జేమ్స్ మెరిడిత్‌కి అక్కడే 2006లో విగ్రహం పెట్టారు. ఆ మనిషి బతికుండగానే తనకది వద్దన్నాడు. 2014లో దాని మెడకి ఉరితాడు వేశారు. కంచుబొమ్మకి కాపలా కాస్తూ కూర్చోవడం తప్ప దాంతో ఏం ఒరిగింది?

మా ఆవిడ: విగ్రహాల మీద నీతో వాదించను. స్నిక్ వాళ్లేం చేశారో చెప్తా. 2010లో అదే షా యూనివర్సిటీలో యాభై ఏళ్ల సభ జరిగింది. పాత కార్యకర్తలంతా వచ్చారు, చాలామందికి డెబ్భై దాటింది. మా చరిత్ర మేమే చెప్పుకోవాలని సంఘంలాగా ఏర్పడ్డారు. తర్వాత డ్యూక్ యూనివర్సిటీతో ఒప్పందం చేసుకున్నారు, ఒక షరతు మీద. ఏం రాయాలి, ఎవరి గురించి రాయాలి, ఎలా చెప్పాలి అన్న ప్రతిదాంట్లో కార్యకర్తలు కూర్చోవాలి. సలహాలు ఇవ్వడానికి కాదు, రాయడానికే. 2016లో ఆ వెబ్‌సైటు జనం ముందుకి వచ్చింది. చూడు, అందులో కింగ్ గారి బొమ్మకన్నా, మిసిసిపీలో ఓటు నమోదుకి ఇల్లిల్లూ తిరిగిన కుర్రాళ్లకి అన్నం పెట్టి, పడుకోవడానికి చోటిచ్చి, అందుకు ఇల్లు కాల్పించుకున్న రైతుల పేర్లు ఎక్కువ కనిపిస్తాయి.

బాబాయి: డ్యూక్ అన్నావు. స్నిక్ పుట్టిన 1960లో డ్యూక్‌లో నల్ల విద్యార్థి ఒక్కడు లేడు. 61లో పై చదువులకి, 63లో డిగ్రీకి తీసుకున్నారు. స్నిక్ పిల్లల్ని కడుపులో పెట్టుకుని చూసింది షా. దస్తావేజులు, కంప్యూటర్లు, పేరు వచ్చింది డ్యూక్‌కి. సంపద ఎక్కడుంటే చరిత్ర అక్కడికే నడుచుకుంటూ పోతుంది తల్లీ. మన తాళపత్రాలు లండన్‌కి పోయినట్టు.

మా ఆవిడ: అది నిజం. కాదనను.

(ఆ రోజు ఆవిడ అంత త్వరగా ఒప్పుకున్న మాట అదొక్కటే.)

మా ఆవిడ: కానీ బాబాయ్, ఎక్కడా దాచకపోతే ఏమవుతుందో కూడా చూడాలి కదా. ఆరెంజ్‌బర్గ్ పేరు ఎప్పుడైనా విన్నావా, ఇవాళ మ్యూజియంలో చూడకముందు?

బాబాయి: లేదు.

మా ఆవిడ: కెంట్ స్టేట్?

బాబాయి: అదెవరికి తెలియదు. 1970 మే 4. ఒహాయోలో నేషనల్ గార్డ్ వాళ్లు 13 సెకన్లలో 67 గుళ్లు పేల్చారు. నలుగురు పిల్లలు పోయారు. హైదరాబాదులో పేపర్లో చదివాం. మేము అప్పుడు మా గొడవల్లో ఉన్నాం.

మా ఆవిడ: ఆరెంజ్‌బర్గ్ దానికి రెండేళ్ల ముందు. సౌత్ కరొలైనా. 1968 ఫిబ్రవరి 8 రాత్రి. ఊళ్లో ఒక బౌలింగ్ ఆట శాల నల్లవాళ్లని రానివ్వనంటే, పౌరహక్కుల చట్టం వచ్చి నాలుగేళ్లు కావస్తున్నా రానివ్వకపోతే, సౌత్ కరొలైనా స్టేట్ కాలేజీ పిల్లలు గొడవచేశారు. ఆ రాత్రి కాలేజీ గుమ్మం దగ్గర చలిమంట వేసుకున్నారు. హైవే పోలీసులు తుపాకులు పేల్చారు. శామ్యూల్ హామండ్, హెన్రీ స్మిత్, డెలానో మిడిల్టన్ చచ్చిపోయారు. మిడిల్టన్ ఇంకా హైస్కూలు పిల్లాడు. ముప్పై మంది దాకా గాయపడ్డారు. చాలామందికి తూటా తగిలింది వీపులో, పక్కన.

బాబాయి: పారిపోతుంటే.

మా ఆవిడ: పారిపోతుంటే, నేలమీద పడుకుంటే. మర్నాడు వార్తా సంస్థ ఇచ్చిన వార్త ఏమిటో తెలుసా? ఇరుపక్షాలా కాల్పులు జరిగాయని. పిల్లల దగ్గర తుపాకులు లేవు. కానీ ఆ మొదటి వార్తే దేశమంతా పాకింది. బయటి నుంచి వచ్చిన తీవ్రవాదులు రెచ్చగొట్టారని గవర్నరు అన్నాడు. కాల్చిన తొమ్మిదిమంది పోలీసుల మీద కేసు నడిచింది, అందరూ నిర్దోషులన్నారు. జైలుకి వెళ్లింది ఒక్కడు. క్లీవ్‌లాండ్ సెల్లర్స్, స్నిక్ కార్యకర్త. ఆ రాత్రి తనకే తూటా తగిలింది. అల్లర్లు రేపాడని ఏడు నెలలు జైల్లో పెట్టారు. కెంట్ స్టేట్‌లో పోయినవాళ్లు తెల్లవాళ్లు, పట్టపగలు, ఫొటోలున్నాయి. ఇది రాత్రి, నల్లపిల్లలు, చీకటి. జ్ఞాపకం దానంతటది మిగలదు బాబాయ్. ఇద్దరు విలేకరులు పట్టుబట్టి పుస్తకం రాయబట్టి, ఆ కాలేజీ వాళ్లు ఏటా ఫిబ్రవరి 8న ఆ ముగ్గురి పేర్లూ చదవబట్టి, 2003కి ఒక గవర్నరు క్షమాపణ చెప్పాడు. నువ్వు వెక్కిరిస్తున్న ఆ ఏడాదికోసారి సభే లేకపోతే, మర్నాటి ఆ అబద్ధమే చరిత్ర.

బాబాయి: (కొంచెం ఆగి) మా 69లో కూడా అంతే. 369 మంది పోయారని ఉద్యమం చెప్పింది. ప్రభుత్వం లెక్క వేరు. గన్‌పార్కులో ఎక్కా యాదగిరిరావు గారు చెక్కిన స్తూపం ఉంది, మంచి శిల్పం. రాష్ట్రం వచ్చాక హుస్సేన్‌సాగర్ పక్కన ఇంకా పెద్దది కట్టారు, 2023లో. దీపం ఆకారంలో, ఉక్కుతో తళతళలాడుతూ ఉంటుంది. మొదటి స్తూపానికీ రెండోదానికీ మధ్య యాభై ఏళ్లు. ఆ యాభై ఏళ్లలో ఎవరైనా ఊరూరా తిరిగి, ఈ పిల్లాడు ఏ ఊరు, ఏ క్లాసు, ఎవరి తూటాకి ఎక్కడ పడ్డాడు అని అందరూ ఒప్పుకునే లెక్క తేల్చారా? ఎవరి అంకె వాళ్లు చెప్పుకుంటున్నారు. దండ వెయ్యడానికి మాత్రం ఎవరూ మానరు.

మా ఆవిడ: నేనంటున్నదీ అదే కదా! నీకు కావలసింది స్తూపం కాదు, జాబితా.

బాబాయి: నువ్వన్నావని కాదు. నేను ఎప్పట్నుంచో అంటున్నాను.

(ఇలాంటి చోట డ్రైవరు నవ్వకూడదు.)

బాబాయి: ఆ సెల్లర్స్ ఏమయ్యాడు?

మా ఆవిడ: 1993లో క్షమాభిక్ష ఇచ్చారు. కావాలంటే రికార్డులోంచి ఆ శిక్షే తుడిపించుకోవచ్చు. అక్కర్లేదన్నాడు. అది తనకి బిరుదులాంటిదన్నాడు. తర్వాత ఒక కాలేజీకి అధ్యక్షుడయ్యాడు.

బాబాయి: శభాష్. చూశావా, వీడు అసలైనవాడు.

మా ఆవిడ: ఇంకో చోట తుడిచారు. 1960లో మాంట్‌గోమరీ కోర్టు భవనంలో తెల్లవాళ్ల ఫలహారశాలకి వెళ్లారని అలబామా స్టేట్ కాలేజీ నుంచి తొమ్మిదిమందిని వెళ్లగొట్టారు, విచారణ లేకుండా. వాళ్లు కోర్టుకెళ్లి గెలిచారు కూడా. ప్రభుత్వ కాలేజీలో విద్యార్థిని చెప్పేది వినకుండా బహిష్కరించకూడదని ఆ 1961 తీర్పు నుంచే వచ్చింది. 2018లో, 58 ఏళ్లకి, రాష్ట్ర విద్యాశాఖ వాళ్ల రికార్డుల్లోంచి ఆ బహిష్కరణని తీసేసింది.

బాబాయి: అది మరీ అన్యాయం.

మా ఆవిడ: అన్యాయమా? వాళ్లు సంతోషించారు బాబాయ్.

బాబాయి: వాళ్లకి ఊరట, నిజమే. కానీ ఆలోచించు. పిల్లల పేరు మీద మచ్చ పోయింది, సరే. వెళ్లగొట్టిన బోర్డు చేసిన పని కూడా దాంతోపాటే తుడిచిపెట్టుకుపోయింది కదా. గవర్నరు ఆజ్ఞ, బోర్డు ఓటు, సంతకాలు. మచ్చ వాళ్లది, తుడిచింది వీళ్ల మీద నుంచి.

మా ఆవిడ: ఆ కాగితాలు నాశనం చెయ్యలేదు, కేసు తీర్పే ఉంది...

బాబాయి: తీర్పు లాయర్లు చదువుతారు. నేను చెప్పేది జనం గురించి. నాకైతే రిజిస్టరులో గీత కొట్టి, పక్కన "తప్పు మాది" అని రాసి, కింద సంతకం పెట్టించాలి. గీత కింద పాత అక్షరాలు కనపడాలి.

(నా ఓటు ఇక్కడ బాబాయికే. ఇంతవరకు నేను విన్న స్మారకాల ప్రతిపాదనలన్నిట్లోనూ ఖర్చు తక్కువైనది ఇదే.)

మా ఆవిడ: అలా నష్టానికి లెక్క చూసి కట్టిన చోటూ ఉంది. వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ. 1951లో బార్బరా జాన్స్ అని పదహారేళ్ల పిల్ల, తమ నల్లజాతి హైస్కూలు తారుకాగితపు షెడ్లలాంటి గదుల్లో నడుస్తోందని స్కూలు మొత్తాన్నీ సమ్మె కట్టించింది. ఆ కేసు, బడుల్లో నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ విడదీయడం చెల్లదన్న బ్రౌన్ తీర్పులో కలిసింది. తీర్పు అమలుచెయ్యడం ఇష్టంలేక కౌంటీ 1959 నుంచి 64 దాకా ప్రభుత్వ బడులన్నీ మూసేసింది. తెల్లపిల్లలకి ప్రైవేటు బడి పెట్టుకున్నారు. నల్లపిల్లలకి ఐదేళ్లు ప్రభుత్వ బడి లేదు. ఆ స్కూలు ఇప్పుడు మ్యూజియం, అది నీకు నచ్చదు. కానీ 2004లో ఆ రాష్ట్రం, ఆ ఐదేళ్లు చదువు పోయినవాళ్లకి స్కాలర్‌షిప్పులు పెట్టింది. అప్పటికి వాళ్లకి యాభై, అరవై ఏళ్లు. వెళ్లి చదువుకున్నారు.

బాబాయి: అదీ స్మారకమంటే. దానికి నేను చందా కూడా ఇస్తాను.

మా ఆవిడ: చందా సరే, బాకీయే ఉంది నీకు. 1965కి ముందు ఇండియా నుంచి ఏడాదికి 100 మందికే వలస వీసాలు. పౌరహక్కుల చట్టాలు తెచ్చిన కాంగ్రెస్సే ఆ కోటా కూడా తీసేసింది. ఆ స్టూళ్ల మీద కూర్చున్నవాళ్లు లేకపోతే 71లో నువ్వెక్కడ దిగేవాడివి?

బాబాయి: ఆ ఉపన్యాసం మన తెలుగు సంఘం సభల్లో చెప్పు, అక్కడ అవసరం. నాకు తెలుసు. తెలుసు కాబట్టే టికెట్టు కొంటే బాకీ తీరిందనుకోవడం నాకు నచ్చదు.

కారు బర్లింగ్టన్ దాటింది. కాసేపు ఇద్దరూ మరమరాలు తిన్నారు. మళ్లీ మొదలుపెట్టింది మా ఆవిడే, ఈసారి గొంతు తగ్గించి.

మా ఆవిడ: విద్యార్థుల గురించి అన్నిటికన్నా పద్ధతిగా, తేదీలవారీగా, పేర్లూ కారు నంబర్లతో సహా దాచిన దస్తావేజులు ఎవరివో తెలుసా బాబాయ్? మిసిసిపీ రాష్ట్ర ప్రభుత్వానివి. 1956లో సావరెన్టీ కమిషన్ అని ఒకటి పెట్టారు. పేరుకి రాష్ట్ర హక్కుల రక్షణ. పని వేగు నడపడం. ఏ విద్యార్థి ఎవరింట్లో పడుకున్నాడు, ఏ టీచరు ఏ మీటింగుకి వెళ్లాడు, అన్నీ. లక్షా ముప్పై వేల పేజీలకు పైనే. 1977లో దాన్ని రద్దుచేసి, ఫైళ్లు 2027 దాకా ఎవరూ తెరవకూడదని చట్టం చేశారు.

బాబాయి: యాభై ఏళ్లు! అందరూ పోయేదాకా.

మా ఆవిడ: కోర్టులో ఇరవై ఏళ్లు పోరాడితే 1998లో తెరిచారు. అందులో క్లైడ్ కెన్నార్డ్ ఉన్నాడు. కొరియా యుద్ధంలో పనిచేసి వచ్చాడు, షికాగోలో చదువుతూ మధ్యలో ఆపి, అమ్మకి సాయంగా హాటీస్‌బర్గ్ దగ్గర కోళ్లఫారం చూసుకుంటున్నాడు. ఇంటి పక్కనున్న మిసిసిపీ సదర్న్ కాలేజీలో డిగ్రీ పూర్తిచేస్తానని దరఖాస్తు పెట్టాడు. గొడవ చెయ్యలేదు, ధర్నా చెయ్యలేదు, దరఖాస్తు పెట్టాడంతే. 1960లో 25 డాలర్ల కోళ్ల దాణా దొంగతనం చేయించాడని కేసు బనాయించి ఏడేళ్లు వేశారు. జైల్లో క్యాన్సరు వచ్చింది. చచ్చిపోతాడని తేలాక వదిలారు. 1963 జులై 4న పోయాడు.

బాబాయి: జులై 4.

మా ఆవిడ: ఆ ఫైళ్లు బయటపడ్డాక, ఒక విలేకరి, ఇల్లినాయ్‌లో ఒక హైస్కూలు టీచరు, ఆయన క్లాసులో పిల్లలు పట్టుకుని తవ్వారు. అసలు సాక్షి, నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నాడు. 2006లో కోర్టు అతను నిర్దోషి అంది. 43 ఏళ్ల తర్వాత. ఆ కాలేజీలో ఒక భవనానికి అతని పేరు అంతకుముందే, 1993లోనే పెట్టారు. ఇది నీ వాదనకి పనికొస్తుంది, తీసుకో: భవనం మీద పేరు చెక్కినా పదమూడేళ్లపాటు అతను కాగితాల మీద దొంగే. దొంగ అనే మాట పోగొట్టింది ఫైలు.

బాబాయి: సరే. ఫైలు గెలిచింది. ఒప్పుకున్నాను. అయితే ఆ ఫైళ్లు తెరవాలని ఉద్యమంవాళ్లందరూ అడిగి ఉంటారు.

మా ఆవిడ: అక్కడే ఉంది తిరకాసు. అందరూ అడగలేదు. 1963లో జాక్సన్ వూల్‌వర్త్‌లో కౌంటర్ దగ్గర కూర్చుంటే జనం తలమీద కెచప్, మస్టర్డ్, పంచదార కుమ్మరించిన ఫొటో ఉందే? అందులో టూగలూ కాలేజీ ప్రొఫెసరు జాన్ సాల్టర్ ఉన్నాడు. ఆయనా, అక్కడి మతగురువు ఎడ్ కింగూ కోర్టుకెళ్లి, మొత్తం తెరవద్దన్నారు. ఎందుకంటే వేగులవాళ్లు రాసినదాంట్లో సగం పుకార్లు. ఎవరు తాగుతారు, ఎవరికి ఎవరితో సంబంధం, ఇలాంటివి. నన్ను వేధించడానికి వాడు రాసుకున్న బురదని చరిత్ర పేరుతో మీరు మళ్లీ నా మీద పోస్తారా అని. అదే ఉద్యమంలో ఉన్న ఇంకొందరు, కాదు, మొత్తం తెరవాలన్నారు. చివరికి అందులో పేరున్న బాధితులకి, నా భాగం మూయండి లేదా నా జవాబు జతచెయ్యండి అని అడిగే వీలిచ్చి తెరిచారు.

బాబాయి: నువ్వెటువైపు?

మా ఆవిడ: రోజుకో వైపు. ఇప్పుడు మా దగ్గరికి ఈమధ్య నిరసనల్లో అరెస్టయిన పిల్లలు వస్తారు. వీసా మీదున్నవాళ్లుంటారు, ఉద్యోగం వెతుక్కునేవాళ్లుంటారు. నా మాట దాచండి కానీ ఇప్పుడు వినిపించకండి అంటారు. ఎన్నేళ్లు మూసి ఉంచాలో వాళ్లే కాగితం మీద రాస్తారు. పది, ఇరవై, నేను పోయాక, ఇలా.

బాబాయి: మిసిసిపీ కూడా యాభై అని రాసింది.

మా ఆవిడ: అది వేగులవాళ్లని కాపాడటానికి. ఇక్కడ తాళం వేసుకునేది మాట్లాడిన మనిషి.

బాబాయి: పోలీసులు కోర్టు నోటీసు తెస్తే నీ తాళం ఆగుతుందా?

మా ఆవిడ: (జవాబు రావడానికి కొంచెం సేపు పట్టింది) ఆగదు. బోస్టన్ కాలేజీలో ఐర్లండ్ గొడవల వాళ్ల మాటలు రికార్డు చేసి, మీరు పోయేదాకా బయటపెట్టం అని మాటిచ్చారు. 2011లో నోటీసు వచ్చింది. కొన్ని ఇవ్వాల్సొచ్చింది. అందుకే మేము ముందే చెప్తాం: కేసు నడుస్తున్న సంగతులు రికార్డరు ముందు చెప్పకండి అని.

బాబాయి: అంటే అసలు మాట రికార్డరు ఆపాక వస్తుంది.

మా ఆవిడ: ఒక్కోసారి.

బాబాయి: మరి అదెక్కడ దాస్తావు?

మా ఆవిడ: దాచను. గుర్తుంటుంది అంతే.

బాబాయి: అయితే నీ లైబ్రరీకీ నాకూ తేడా లేదు. 69లో ఆ రోజుల్లో కాలేజీ దగ్గర నేను చూసినవి కూడా అంతే, ఎక్కడా లేవు, గుర్తున్నాయంతే.

మా ఆవిడ: ఏం చూశావు?

బాబాయి: ఇప్పుడెందుకులే.

మా ఆవిడ: ఇప్పుడొద్దు. మీ ఇంట్లోవాళ్లకీ వద్దు. సోమవారం నా దగ్గరికి రా. ఎన్నేళ్లు మూసి ఉంచాలో నువ్వే రాసుకో.

బాబాయి: ముందు ఆ కాగితం పంపు, చదివి చెప్తాను. నాలుగో పేజీలో ఎక్కడో చిన్న అక్షరాలతో డ్యూక్ పేరుంటే మాత్రం సంతకం పెట్టను.